ఐరన్ మెయిడెన్ పాటలూ, వాట్‌గంజ్ వాదనలూ



ఈ రోజు ఒక తగాదా గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. పొలం గట్ల తగాదా, పార్టీల తగాదా అనుకోకండి. ఒక బ్యాండు పాటల్లో ఏది అన్నిటికన్నా గొప్పది, ఏది అన్నిటికన్నా అధ్వాన్నం అన్న తగాదా ఇది. ఆ బ్యాండు పేరు ఐరన్ మెయిడెన్. ఇంగ్లండులో పుట్టిన హెవీ మెటల్ బృందం. తగాదా జరిగే చోటు కలకత్తా ఓడరేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్. నేనుండే పేట అదే.

హెవీ మెటల్ పేరు వినగానే రేడియో కట్టేద్దామనుకునేవారు మీలో కొందరుంటారని తెలుసు. కాసేపు ఓపిక పట్టమని వారిని ప్రత్యేకంగా అడుగుతున్నాను. నేను చెప్పదలచుకున్నది ఆ సంగీతం నచ్చినవారికీ, నచ్చనివారికీ సమానంగా పనికొచ్చే మాట. ఒక పాట బాగా లేదని నిజాయితీగా వాదించాలంటే, బాగుందన్నవాడికన్నా దాన్ని ఎక్కువ శ్రద్ధగా వినాలి. మా పేటలో ఏళ్ల తరబడి సాగుతున్న పేచీ నాకు నేర్పిన పాఠం అది.

ముందు మా పేట గురించి రెండు మాటలు. పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో హెన్రీ వాట్సన్ అనే ఇంగ్లీషు కల్నల్ ఖిదిర్‌పూర్‌లో ఓడలు కట్టే యార్డు పెట్టాడు. ఆయన పేరే వాట్‌గంజ్‌కు వచ్చింది. 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల వీధులన్నీ ఓడ పనివాళ్లతో నిండిపోయాయి. బిహారు నుంచి, ఒరిస్సా నుంచి, తూర్పు బెంగాల్ నుంచి, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం వచ్చారు. పక్కనే గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే కేంద్ర కార్యాలయం ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ ఈ రైల్వే కిందే ఉండేది. అందువల్ల బదిలీల మీద, ప్రమోషన్ల మీద తెలుగు కుటుంబాలు ఇక్కడికి వస్తూనే ఉండేవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, అటు ఖరగ్‌పూర్‌లోనూ ఇటు కలకత్తాలోనూ స్థిరపడిన ఇలాంటి కుటుంబాల వల్లనే.

ఓడలు సరుకుతోపాటు పాటలు కూడా తెచ్చాయి. ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్ గురించి కలకత్తాలో తెలియనివారుండరు. విదేశీ సెంట్లు, గడియారాలు, టేప్ రికార్డర్లు, ఖాళీ క్యాసెట్లు దొరికే చోటు అది. మధ్య కలకత్తాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌కు వెళితే పాత ఎల్‌పీ రికార్డులు దొరికేవి. ఆకాశవాణి కలకత్తా కేంద్రం మ్యూజికల్ బ్యాండ్‌బాక్స్ అనే ఇంగ్లీషు పాటల కార్యక్రమం వేసేది. అలా ఒకరి చేతికి వచ్చిన క్యాసెట్ పదిమందికి కాపీ అయ్యేది. కాపీకి కాపీ తీసిన కొద్దీ వెనకాల బుసబుసమనే చప్పుడు పెరిగేది. ఆ చప్పుడులోంచే మేం గిటార్‌ను వెతుక్కుని విన్నాం. ఒక్క క్యాసెట్‌ను నెలల తరబడి తిరగేసి మరగేసి వినడం వల్ల ప్రతి పాటా, పాటలో ప్రతి మలుపూ కంఠతా వచ్చేది. మా వాదనలకు ఆ కంఠతా రావడమే పునాది.

ఇప్పుడు బ్యాండు సంగతి. స్టీవ్ హారిస్ అనే బేస్ గిటార్ వాద్యకారుడు 1975 క్రిస్మస్ రోజున తూర్పు లండన్‌లోని లేటన్‌లో ఐరన్ మెయిడెన్‌ను మొదలుపెట్టాడు. మొదటి ఆల్బమ్ 1980లో వచ్చింది. అప్పటి గాయకుడు పాల్ డియానో. 1981లో ఆయన వెళ్లిపోయి బ్రూస్ డికిన్సన్ వచ్చాడు. ఆయన గొంతుతో 1982 మార్చిలో విడుదలైన ద నంబర్ ఆఫ్ ద బీస్ట్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. అక్కడి నుంచి ఈ బృందం ప్రపంచమంతా తిరిగింది.

వారి సంగీతం తెలియనివారికోసం ఒక ముక్క. చాలా బ్యాండ్లలో బేస్ గిటార్ వెనకాల ఉండిపోతుంది. మెయిడెన్‌లో అది ముందు నడుస్తుంది. హారిస్ దాన్ని వేళ్లతోనే మీటుతాడు. ఒక పొడుగు దెబ్బ, దాని వెంటనే రెండు పొట్టి దెబ్బలు, మళ్లీ పొడుగు, మళ్లీ రెండు పొట్టి. గుర్రం దౌడు తీస్తున్న లయ అది. దాని మీద రెండు గిటార్లు ఒకే స్వరమాలికను కాస్త ఎడంగా, పై స్థాయిలో ఒకటి, కింది స్థాయిలో ఒకటి జంటగా వాయిస్తాయి. వాటి మీద డికిన్సన్ గొంతు తారస్థాయిలో నిలబడుతుంది. శ్రుతి, లయ, కథ మూడూ ఉన్న సంగీతం ఇది. గట్టిగా ఉంటుందన్నది నిజమే. ఆ గట్టితనం వెనక చాలా లెక్క ఉంది.

సరే, గొప్ప పాట ఏది? సాయంత్రం పని దిగాక టీ దుకాణం బల్ల మీద మా వాళ్లు చేరితే మొదటి ప్రశ్న ఇదే.

బెంగాలీ పెద్దాయన ఒకరున్నారు, అందరం దాదా అంటాం. ఆయన ఓటు ఎప్పుడూ హ్యాలోడ్ బి దై నేమ్‌కే. 1982 ఆల్బమ్‌లో చివరి పాట, ఏడు నిమిషాల పైచిలుకు. ఉరికంబం ఎక్కబోయే మనిషి చివరి ఘడియలు అందులో కథ. మొదట గంట మోగుతుంది. గొంతు మెల్లగా, దాదాపు ఒంటరిగా మొదలవుతుంది. ఆ తర్వాత గిటార్లు ఒకటొకటిగా చేరి వేగం పెంచుతాయి. పాట సగం దాటాక మాటలు తగ్గిపోయి వాద్యాలే కథ చెబుతాయి. దాదా వాదన సూటిగా ఉంటుంది. "చావు భయం మొదట మాటల్లో ఉంది, తర్వాత వాద్యాల్లోకి దిగింది. ఒక్క స్వరం కూడా ఎక్కువ లేదు. ఎక్కడ కోస్తావో చెప్పు చూద్దాం" అంటారాయన. ఇంతవరకు ఎవరూ కోసి చూపించలేదు.

డాక్‌లో చాలా ఏళ్లు పనిచేసిన ఇంకొకాయన మాత్రం ఒప్పుకోరు. ఆయనది రైమ్ ఆఫ్ ది ఏన్షంట్ మారినర్ పక్షం. 1984లో వచ్చిన పవర్‌స్లేవ్ ఆల్బమ్‌లోది. పదమూడు నిమిషాలు దాటిన పాట. 1798లో అచ్చయిన కోల్‌రిడ్జ్ కవితకు ఇది సంగీత రూపం. ఆల్బట్రాస్ పక్షిని చంపిన నావికుడు, ఓడ మీద పడిన శాపం, గాలి లేక కదలని ఓడ, ఒక్కొక్కరుగా కూలిపోయే సహచరులు. పాట నడిమధ్యలో సంగీతం అంతా తగ్గిపోయి చెక్క ఓడ కిర్రుమనే చప్పుడు మిగులుతుంది. "ఓడ మీద రాత్రి డ్యూటీ చేసినవాడికే ఆ చప్పుడు అర్థమవుతుంది బాబూ" అంటారాయన. ఓడరేవు పక్కన కూర్చుని ఆ మాట వింటే ఎదురు చెప్పడం కష్టం.

మెటియాబ్రుజ్ నుంచి వచ్చే దర్జీ కుర్రాడు ఒకడున్నాడు. వాడికి పొడుగు పాటలంటే చిరాకు. ద ట్రూపర్ చాలంటాడు. 1983 నాటి పాట, నాలుగు నిమిషాలు. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న బాలక్లావా దగ్గర బ్రిటిష్ ఆశ్వికదళం రష్యన్ ఫిరంగుల మీదికి నేరుగా దూకి నాశనమైన సంఘటన దాని వస్తువు. ఇందాక చెప్పిన గుర్రపు దౌడు లయ ఇక్కడ వస్తువుతో కలిసిపోయింది. "పదమూడు నిమిషాల్లో చెప్పేది నాలుగు నిమిషాల్లో చెప్పగలిగినవాడే ఉస్తాద్" అని వాడి మాట.

ఇక గార్డెన్ రీచ్ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే మన శ్రీకాకుళం అబ్బాయి. వాడిది వేస్టెడ్ ఇయర్స్. 1986 నాటి సమ్‌వేర్ ఇన్ టైమ్ ఆల్బమ్‌లోది. గిటార్ వాద్యకారుడు ఏడ్రియన్ స్మిత్ రాశాడు. అంతకుముందు 1984, 85ల్లో బృందం సుమారు పదకొండు నెలలపాటు ఊరూరా తిరుగుతూ వాయించింది. ఆ తిరుగుడులో ఇల్లు మరిచిపోయిన మనిషి బెంగ ఆ పాటలో ఉంది. "గొప్పదో కాదో నాకు తెలీదన్నా. సెలవు దొరక్క సంక్రాంతికి ఊరెళ్లలేని ఏడాది ఈ పాటే విన్నాను" అన్నాడు వాడు ఒకసారి. బల్ల మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత దాదా నెమ్మదిగా అడిగారు. "నీకు ఎందుకిష్టమో చెప్పావు. బాగుంది. ఇప్పుడు పాట ఎందుకు గొప్పదో చెప్పు." ఆ కుర్రాడు వారం తర్వాత వచ్చి, మొదట్లో వచ్చే గిటార్ తీగ ఒక్క చోట ఆగకుండా పరుగెత్తుతూనే ఉంటుందనీ, పల్లవి వచ్చాక గానీ అది కాస్త ఊపిరి పీల్చుకోదనీ, ఇంటికి చేరని ప్రయాణానికి ఆ పరుగే సరిపోయిందనీ చెప్పాడు. వాదన అంటే నాకు అదీ. ఇష్టం ఒక చోట మొదలవుతుంది. అడిగేవాడుంటే అది కారణంగా మారుతుంది.

గొప్ప పాటల దగ్గర గొంతులు మెత్తగానే ఉంటాయి. అధ్వాన్నమైన పాట ఏదన్న ప్రశ్న వచ్చాక అసలు వేడి మొదలవుతుంది. ఇక్కడ బ్యాండు చరిత్రలోనే ఒక అద్భుతమైన సాక్ష్యం ఉంది. 1989లో డికిన్సన్ ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ వరుసలో ఐదో సినిమా కోసం సొంతంగా ఒక పాట చేశాడు. బ్రింగ్ యువర్ డాటర్ టు ద స్లాటర్ దాని పేరు. ఆ ఏటి సినిమాల్లో అతి చెత్త పాటగా దానికి గోల్డెన్ రాస్‌బెరీ బహుమతి వచ్చింది. ఆ పాటనే స్టీవ్ హారిస్ మెయిడెన్ కోసం తీసుకున్నాడు. బృందమంతా కలిసి మళ్లీ రికార్డు చేసింది. 1991 జనవరి మొదట్లో అది బ్రిటన్ సింగిల్స్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఇంత పెద్ద బ్యాండుకు ఆ స్థానం దక్కించిన సింగిల్ అదొక్కటే. హ్యాలోడ్‌కు దక్కలేదు, ట్రూపర్‌కు దక్కలేదు.

ఈ సంగతి మొదటిసారి విన్న రోజు మా దర్జీ కుర్రాడు ఒక మాటన్నాడు. "అయితే బహుమతిచ్చినవాళ్లూ నమ్మకస్తులు కారు, కొన్నవాళ్లూ నమ్మకస్తులు కారు. మనమే విని తేల్చుకోవాలి." ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. బహుమతి సంఘం తీర్పు, అమ్మకాల తీర్పు రెండూ మన చెవి పనిని మనకు తప్పించలేవు. ఆ పాట నా మటుకు నాకు గొప్పదీ కాదు, నీచమైనదీ కాదు. పల్లవి వేదిక మీద జనాన్ని లేపుతుంది, చరణాల్లో సరుకు తక్కువ. ఇంతకన్నా పెద్ద మాట దానికి అక్కర్లేదు.

మా బల్ల మీద అధ్వాన్నం అన్న ముద్ర ఎక్కువగా పడేది ది ఏంజెల్ అండ్ ద గ్యాంబ్లర్‌కు. 1998 నాటి వర్చువల్ ఎలెవెన్ ఆల్బమ్‌లోది. 1993లో డికిన్సన్ బృందాన్ని వదిలాక 1994 నుంచి బ్లేజ్ బేలీ పాడుతున్న కాలం అది. దాదాపు పది నిమిషాల పాట. దాని మీద ఫిర్యాదు ఒకటే. పల్లవి మాటలు మళ్లీ మళ్లీ, మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రతిసారీ కొత్తదేమీ రాదు. స్వరం మారదు, వాద్యం మారదు, అర్థం ముందుకు జరగదు.

ఈ ఫిర్యాదు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. పద్యనాటకాల రోజుల్లో పందిళ్ల కింద జరిగిన వాదన గుర్తు చేసుకోండి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడినప్పుడు రాయబారం సీనుకు జనం తెల్లవార్లూ కూర్చునేవారు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడా, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడా అని ఊళ్లకు ఊళ్లు రెండు పక్షాలైన రోజులున్నాయి. పద్యం భావం తెలిసేలా పలకాలా, చివర్లో రాగం ఎంత దూరమైనా తీయొచ్చా అన్నది అప్పటి అసలు ప్రశ్న. రాగం తీసే కొద్దీ భావం పెరిగితే వన్స్ మోర్ అన్నారు. పెరగకపోతే బీడీ ముట్టించుకోవడానికి లేచారు. ఆ శ్రోతలు స్వరశాస్త్రం చదువుకున్నవాళ్లు కాదు. తిరిగి తిరిగి పాడటం ఎప్పుడు భావాన్ని పెంచుతుందో, ఎప్పుడు నీరుగారుస్తుందో వాళ్ల చెవికి తెలుసు. వాట్‌గంజ్ బల్ల మీద మేం ఆ గ్యాంబ్లర్ పాటను అడిగే ప్రశ్న కూడా అదే.

అయితే అక్కడితో ఆగిపోతే అన్యాయం. బ్లేజ్ బేలీ కాలమంతా చెత్త అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు మా దాదా రెండు పాటలు చూపిస్తారు. ఒకటి 1995 నాటి సైన్ ఆఫ్ ద క్రాస్, పదకొండు నిమిషాల పాట. రెండోది వర్చువల్ ఎలెవెన్‌లోనే ఉన్న ద క్లాన్స్‌మన్, స్కాట్లండు స్వాతంత్ర్య పోరాటం మీద కట్టినది. 1999లో డికిన్సన్ తిరిగొచ్చాక, 2001 జనవరిలో రియో డి జనీరోలో జరిగిన పెద్ద ఉత్సవంలో ఈ రెండు పాటలూ ఆయన పాడాడు. ఆ కచేరీ 2002లో ఆల్బమ్‌గా వచ్చింది. అది విన్నాక చాలామంది అభిమానుల అభిప్రాయం మారింది. పాటలు మొదటినుంచీ గట్టివేనని, బేలీ గొంతు స్థాయికి తగినట్టు కట్టలేదని అప్పుడు తెలిసింది. బేలీది మంద్రంలో బాగా పలికే గొంతు. పై స్థాయి కోసం కట్టిన వరసలు ఆయన నెత్తిన పెట్టడం ఆయన తప్పు కాదు. పాట వేరు, పాడిన తీరు వేరు, రికార్డు చేసిన పద్ధతి వేరు. ఒక పాట చెత్త అనే ముందు ఆ మూడింటిలో దేన్ని అంటున్నామో తేల్చుకోవాలి. ఈ ఒక్క వివేకం ఏ సంగీతం విన్నా పనికొస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ప్రియమైన సంగతి చెబుతాను. 1982లో ద నంబర్ ఆఫ్ ద బీస్ట్ తయారవుతున్నప్పుడు బృందం దగ్గర రెండు పాటలు ఉన్నాయి. గ్యాంగ్‌ల్యాండ్ ఒకటి, టోటల్ ఎక్లిప్స్ ఒకటి. ఒకటి ఆల్బమ్‌లోకి వెళ్లాలి, ఒకటి రన్ టు ద హిల్స్ సింగిల్‌కు వెనక వైపు వెళ్లాలి. సింగిల్ ముందే విడుదల కావాలి కనుక తొందరగా నిర్ణయించాల్సి వచ్చింది. గ్యాంగ్‌ల్యాండ్ ఆల్బమ్‌లోకి వెళ్లింది, టోటల్ ఎక్లిప్స్ వెనక వైపుకు వెళ్లింది. అది తప్పు నిర్ణయమని అభిమానులు అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. తప్పేనని హారిస్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు. 1998 పునర్ముద్రణలో టోటల్ ఎక్లిప్స్‌ను అదనంగా చేర్చారు. 2022లో నలభై ఏళ్ల సందర్భంగా ఆల్బమ్‌ను మళ్లీ వినైల్ రికార్డుగా తెచ్చినప్పుడు గ్యాంగ్‌ల్యాండ్‌ను తీసేసి దాని చోట టోటల్ ఎక్లిప్స్ పెట్టారు.

నలభై ఏళ్లు. ఎక్కడెక్కడో టీ దుకాణాల్లో, హాస్టల్ గదుల్లో, రైలు పెట్టెల్లో సాగిన పేచీ చివరికి ఆల్బమ్ రూపాన్నే మార్చింది. మా శ్రీకాకుళం అబ్బాయి దీన్ని కోర్టు గెలిచినంత సంబరంగా చెప్పుకుంటాడు. దాదా మాత్రం బాధపడతారు. "నచ్చకపోయినా అది అక్కడే ఉండాలి. ఆ ఆల్బమ్‌కు అది కూడా ఒక వయసు గుర్తు" అని ఆయన వాదం. ఈ విషయంలో నేను దాదా పక్షం. బలహీనమైన పాట పక్కన ఉన్నప్పుడే హ్యాలోడ్ ఎంత ఎత్తున ఉందో తెలుస్తుంది. పైగా గ్యాంగ్‌ల్యాండ్‌లో క్లైవ్ బర్ డ్రమ్స్ వాయించిన తీరు వినదగ్గది. ఆయన 2013లో చనిపోయాడు. ఆయన చేయి పడిన పాటను ఆయన లేనప్పుడు పక్కకు పెట్టడం నాకు నచ్చలేదు.

అభిమానుల పట్టుదల ఫలించిన ఉదాహరణ ఇంకొకటుంది. అలెగ్జాండర్ ద గ్రేట్ అనే పాట 1986లో వచ్చింది. మాటలు చరిత్ర పాఠం అప్పజెప్పినట్టున్నాయని కొందరు దాన్ని తీసిపారేస్తారు. నడిమధ్య గిటార్ భాగం మెయిడెన్ చరిత్రలోనే ఉత్తమమని కొందరు ప్రాణం పెడతారు. బృందం ఆ పాటను ఏళ్ల తరబడి ఏ వేదిక మీదా వాయించలేదు. వాయించమని అడగడం అభిమానులు మానలేదు. 37 ఏళ్ల తర్వాత, 2023 మే 28న, స్లొవేనియాలోని ల్యుబ్ల్యానాలో మొదటిసారి వాయించారు. ఆ రాత్రి రికార్డింగు వింటే, మొదటి స్వరాలకే జనం అరిచిన అరుపులో ఆ ఎదురుచూపంతా వినబడుతుంది.

అభిప్రాయాలు మారడం గురించి మాట్లాడుతున్నాను కనుక మా పేట పెద్దమనిషి ఒకాయన్ని తలచుకోవాలి. మహాకవి మైకేల్ మధుసూదన్ దత్ చిన్నతనం ఖిదిర్‌పూర్‌లో గడిచింది. ఆయన, కవులు రంగలాల్, హేమచంద్ర ఇక్కడ నివసించడంతో ఈ ప్రాంతాన్ని కవితీర్థమని పిలుస్తారు. మధుసూదన్ 1861లో మేఘనాదవధ కావ్యం తెచ్చాడు. రావణుడి కొడుకును నాయకుడిగా నిలబెట్టిన కావ్యం అది. దాని మీద బెంగాల్‌లో పెద్ద చర్చ జరిగింది. 1877లో పదహారేళ్ల రవీంద్రనాథ ఠాకూర్ భారతి పత్రికలో ఆ కావ్యాన్ని తీవ్రంగా విమర్శించాడు. తర్వాత జీవనస్మృతిలో ఆ విమర్శను తన పడుచుతనపు దుడుకుగా ఒప్పుకున్నాడు. అంతటివాడే తన తీర్పును తిరగరాసుకున్నాడు. 1998లో ఒక ఆల్బమ్‌ను చెత్త అన్న మనం ఈ రోజు మళ్లీ విని మాట మార్చుకుంటే చిన్నతనం ఏముంది?

కలకత్తా రాక్ సంగీతం కూడా ఇదే చెబుతుంది. మెయిడెన్ మొదలైన 1975లోనే ఇక్కడ గౌతమ్ చట్టోపాధ్యాయ మొహీనేర్ ఘోడాగులి బృందాన్ని మొదలుపెట్టాడు. 1977లో మొదటి రికార్డు వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1995లో పుస్తక ప్రదర్శన వేళ వాళ్ల పాటలు కొత్త క్యాసెట్‌గా వచ్చాక ఒక తరమంతా వాటిని నెత్తిన పెట్టుకుంది. తర్వాత పేరు తెచ్చుకున్న కాక్టస్, ఫాసిల్స్ లాంటి బాంగ్లా బ్యాండ్లకు ఆ దారి పనికొచ్చింది. పాట అదే. వినే చెవి మారింది.

క్యాసెట్లలో విన్న మెయిడెన్ మన దేశానికి 2007 మార్చి 17న మొదటిసారి వచ్చింది. బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ. 2008 ఫిబ్రవరి 1న ముంబయిలో మళ్లీ వాయించింది. ఆ ప్రపంచ యాత్రకు మొదటి మజిలీ ముంబయే. విమాన పైలట్ కూడా అయిన డికిన్సన్ బృందాన్ని, సామగ్రిని బోయింగ్ 757లో తానే నడుపుకుంటూ తెచ్చాడు. ఆ రాత్రి రైమ్ ఆఫ్ ది ఏన్షంట్ మారినర్ మొత్తం వాయించారు. 2009 ఫిబ్రవరిలో మళ్లీ బెంగళూరు. కలకత్తా నుంచి, విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి నల్ల టీషర్టుల కుర్రాళ్లు రైళ్లెక్కి వెళ్లారు. హౌరా నుంచి బయల్దేరిన కలకత్తావాడికి విజయవాడలో మనవాళ్లు తోడయ్యేవారు. ఏ భాషవాడైనా, ఫియర్ ఆఫ్ ద డార్క్ అనే మెయిడెన్ పాటలోని గిటార్ వరసను గొంతెత్తి పాడటానికి భాష అక్కర్లేదు.

ఆ డికిన్సనే 2015లో ఎంపైర్ ఆఫ్ ద క్లౌడ్స్ అనే పద్ధెనిమిది నిమిషాల పాట రాశాడు. మెయిడెన్ పాటల్లో అన్నిటికన్నా పొడుగైనది. 1930 అక్టోబరు 5న ఫ్రాన్సులో కూలిపోయిన ఆర్ 101 అనే బ్రిటిష్ వాయునౌక దాని కథ. 54 మందిలో 48 మంది చనిపోయారు. ఆ వాయునౌక బయల్దేరింది మన దేశం వైపే. అప్పటి అవిభక్త భారతంలోని కరాచీకి. ఈ పాట మీద మా బల్ల ఇప్పటికీ రెండు చీలికలుగానే ఉంది. పియానోతో మొదలై ఆర్కెస్ట్రాలా విస్తరించే ఆ పాటను డాక్ పెద్దాయన కన్నీళ్లతో వింటారు. దర్జీ కుర్రాడు మాత్రం సగానికి లేచిపోతాడు. ఎవరు నెగ్గుతారో నేను చెప్పలేను. ఈ వాదన తేలకపోవడమే నాకు ఇష్టం.

ఇంతసేపూ విన్న మీకు మా బల్ల మీద కుదిరిన కొన్ని పద్ధతులు చెప్పి ముగిస్తాను. ఇవి ఎవరూ రాసిపెట్టినవి కావు, తగాదాల్లోంచి తేలినవి. పాట బాగా లేదంటే ఎక్కడ బాగా లేదో చూపించాలి. ఏ చరణంలో, ఏ మలుపులో, ఏ వాద్యం దగ్గరో చూపించలేకపోతే ఇంకోసారి విని రావాలి. రికార్డుతో ఆగకుండా కచేరీ రూపం కూడా వినాలి. పాటను అనొచ్చు, ఆ పాట ఇష్టపడ్డ మనిషిని అనకూడదు. ఎదుటివాడు చెప్పింది నిజమనిపిస్తే ఆ రోజే ఒప్పుకోవాలి. ఇంకొకటి ముఖ్యం. తనకు ప్రాణప్రదమైన బ్యాండులో కనీసం ఒక్క పాటైనా బాగా లేదని చెప్పగలగాలి. అన్నీ గొప్పవే అనేవాడు ఏదీ సరిగా విననట్టే.

ఈ చివరి పద్ధతి మన ఇళ్లలో కూడా పాటిస్తే బాగుంటుందని నా కోరిక. మనకు ఘంటసాల ఉన్నారు, ఇళయరాజా ఉన్నారు, ఈ తరం సంగీత దర్శకులున్నారు. వాళ్ల పాటల గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఎక్కువగా పొగుడుతాం, లేదా అవతలి హీరో అభిమానుల మీద విరుచుకుపడతాం. రెండింటిలోనూ పాట వినబడదు. మీ అబ్బాయో అమ్మాయో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీకర్థం కాని హోరు వింటుంటే, కట్టేయమని కసరకండి. "ఈ బ్యాండులో నీకు అన్నిటికన్నా నచ్చని పాట ఏది, ఎందుకు?" అని అడగండి. నచ్చిన పాట అడిగితే ఒక్క పేరు చెప్పి ఊరుకుంటారు. నచ్చనిది అడిగితే కారణాలు చెప్పాలి కనుక మాట సాగుతుంది. ఆ తర్వాత మీకు ప్రాణమైన గాయకుడి పాటల్లో మీకు నచ్చనిది మీరు కూడా చెప్పండి. ఇద్దరూ ఒకరి పాట ఒకరు వినండి.

శ్రద్ధగా వినేవాళ్లున్న చోటే మంచి సంగీతం పుడుతుంది. అలా వినడం మనుషులు ఒకరితో ఒకరు వాదించుకుంటేనే అలవడుతుంది. అందుకే మా వాట్‌గంజ్ పేచీ ఎన్నటికీ తేలకూడదనీ, మీ ఊళ్లో కూడా అలాంటి బల్ల ఒకటి ఉండాలనీ మనసారా కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.